ఆకు వద్దన్న వెలుగు

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నాకు అరగంట ఇచ్చారు. "నువ్వు తీసిన మాన్ల ఫోటోల గురించి చెప్పన్నా, ఆ తెల్ల ఆకుల సంగతేందో పిల్లకాయలకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాడు కార్యదర్శి. వరండాలో పెట్టిన ఆ ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. చూసినవాళ్లు పొద్దున్నుంచి నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. "మన పక్క మంచు ఎప్పుడు పడింది సార్?" అనేది ఒకటి. "కంప్యూటర్లో రంగు మార్చినారా?" అనేది రెండోది. మంచు పడలేదు, కంప్యూటర్ ముట్టలేదు. అవి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము మీద తీసినవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఎండలో నిలబడి ఉన్న చింతమాన్లు, రాగిమాన్లు, కానుగ మాన్లు, మామిడి తోపులే. ఎండ అదే, ఆకు అదే. ఆ ఎండలో మన కంటికి అందని భాగాన్ని మాత్రమే ఆ ఫిల్ము రాసిపెట్టింది.

ముందు ఆ వెలుగు ఏమిటో చెబుతాను. బడిలో అద్దపు పట్టకంలోంచి ఎండను పంపి ఏడు రంగులు చూపించిన రోజు అందరికీ గుర్తుంటుంది. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త అదే పని చేసి, ఒక్కో రంగులో ఒక్కో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటిపోయిన తర్వాత, ఏ రంగూ కనబడని చోట పెట్టిన థర్మామీటరు కూడా పైకి ఎక్కింది. అక్కడేదో ఉంది, కంటికి తెలియడం లేదు. దానినే మనం పరారుణ కిరణాలని పాఠంలో చదువుకున్నాం. మన కన్ను సుమారు 400 నానోమీటర్ల నుంచి 700 నానోమీటర్ల వరకే చూస్తుంది. ఆ తర్వాత మొదలయ్యేది ఇన్‌ఫ్రారెడ్.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఇన్‌ఫ్రారెడ్ అనగానే అందరూ వేడిని చూపే కెమెరా అనుకుంటారు. కోవిడ్ రోజుల్లో విమానాశ్రయాల్లో జ్వరం ఉన్నవాళ్లను పట్టిచ్చిన కెమెరాలు వేరు. మన ఒంటి వేడి ఎక్కువగా వెలువడేది 10,000 నానోమీటర్ల దగ్గర. ఫిల్ముకు అందేది 700 దాటాక కొంచెం దూరమే. అందులో అన్నిటికన్నా దూరం చూసిన కొడాక్ ఫిల్ము కూడా దాదాపు 900 దగ్గర ఆగిపోయేది. అందువల్ల వరండాలోని ఫోటోల్లో ఆకు తెల్లగా ఉందంటే అది వేడెక్కిందని కాదు. దాని మీద పడిన ఎండలో ఆ కనబడని భాగాన్ని ఆకు తిప్పి కొడుతోందని అర్థం.

ఇలాంటి ఫోటోలను 1910లో మొదటగా ప్రచురించినవాడు రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త. ఆకాశం నల్లగా, చెట్లు తెల్లగా ఉన్న ఆ బొమ్మలు చూసి అప్పటివాళ్లు కూడా మంచే అనుకొని ఉంటారు. ఆకులు అలా మెరవడాన్ని ఇప్పటికీ వుడ్ ఎఫెక్ట్ అనే పిలుస్తారు. ఇంగ్లీషులో వుడ్ అంటే కట్టె, అడవి. అయితే ఆ పేరు వచ్చింది చెట్టు వల్ల కాదు, మనిషి వల్ల.

ఆకు ఎందుకు తెల్లగా కనిపిస్తుంది? సైన్సు అయ్యవార్లు ఇక్కడే కూర్చొని ఉన్నారు, తప్పు చెబితే లేచి చెవి పట్టుకుంటారు కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. ఆకులోని పత్రహరితం ఎరుపు వెలుగును, నీలి వెలుగును ఆవురావురుమని తాగేస్తుంది. ఆకుకు వంట అక్కడే. ఆకుపచ్చను అంతగా తీసుకోదు, అందుకే ఆకు మనకు పచ్చగా కనిపిస్తుంది. 700 నానోమీటర్లు దాటిన వెలుగు పత్రహరితానికి పనికిరాదు. అందులో ఒక్కొక్క కిరణానికి వంట చేసేంత శక్తి ఉండదు. దాన్ని లోపల దాచుకుంటే ఆకు ఊరికే వేడెక్కుతుంది. మన రాయలసీమ ఎండలో ఆ బరువు ఎవరికి కావాలి?

ఆకును అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే పై వరుసలో స్తంభాల్లా నిలబడిన కణాలు, వాటి కింద స్పాంజిలాంటి పొర కనిపిస్తాయి. ఆ స్పాంజిలో కణాల మధ్య గాలి ఖాళీలుంటాయి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పత్రహరితాన్ని గాజులో దూరినట్టు దాటి ఇక్కడికి వస్తుంది. తడి కణం గోడ, గాలి, మళ్లీ గోడ, మళ్లీ గాలి. ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. ఇలా చెల్లాచెదురై సగానికి కొంచెం అటూ ఇటుగా బయటికి వచ్చేస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కిందికి దిగిపోతుంది. ఆకు అట్టే పెట్టుకునేది చాలా తక్కువ. ఉప్పురాయి గాజులా ఉన్నా, దంచితే తెల్లగా కనిపిస్తుంది కదా, ఇక్కడ జరిగేదీ అంతే.

సరే, ఫిల్ము సంగతికి వస్తాను. ఈ తరం పిల్లలకు రీలు అంటే ఇన్‌స్టాగ్రామే తెలుసు. మాకు రీలంటే 36 ఫోటోలు. అందులోనూ ఇన్‌ఫ్రారెడ్ రీలు మన స్టూడియోల్లో దొరికేది కాదు. బెంగళూరులో తెలిసినవాళ్లకు చెప్పి తెప్పించుకోవాలి. వచ్చాక దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడి తగిలితే బొమ్మ తీయకముందే మసకబారుతుంది. కొడాక్ హెచ్‌ఐఈ ఫిల్మును పూర్తి చీకట్లోనే కెమెరాలోకి ఎక్కించాలి, చీకట్లోనే దించాలి. మామూలు రీలులా చెట్టు నీడన నిలబడి మారిస్తే, బయటికి కనిపించే ఆ నాలుక చివర నుంచి వెలుగు గొట్టంలో నీళ్లలా లోపలికి పాకేది. అందుకే రెండు చేతులూ దూర్చే నల్ల సంచి ఒకటి ఎప్పుడూ భుజాన ఉండేది. చెరువుకట్ట మీద కూర్చొని చేతులు సంచిలో పెట్టి తడుముకుంటుంటే గొర్రెలు తోలుకొచ్చిన తాత ఒకాయన చాలాసేపు చూసి, "ఏం నాయనా, పామును పట్టినావా?" అని అడిగాడు.

లెన్సు ముందు దాదాపు నల్లగా కనిపించే ముదురెరుపు ఫిల్టరు బిగించాలి. 720 నానోమీటర్ల కన్నా పొట్టి వెలుగును అది ఆపేస్తుంది. బిగించాక కెమెరాలో మనకేమీ కనబడదు. కాబట్టి ముందు ట్రైపాడ్ మీద పెట్టి, చట్రం చూసుకొని, ఫోకస్ చేసి, ఆ తర్వాత ఫిల్టరు బిగించాలి. ఫోకస్‌లోనూ ఒక మెలిక ఉంది. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు మామూలు వెలుగు కూడేచోట కూడదు, కొంచెం వెనక్కి కూడుతుంది. పాత లెన్సుల మీద చిన్న ఎర్ర చుక్కో ఎర్ర గీతో ఉండేది ఇందుకే. చాలామంది దాన్ని అలంకారం అనుకునేవారు. కంటితో ఫోకస్ చేసిన దూరాన్ని ఆ ఎర్ర గుర్తు దగ్గరికి జరపాలి. ఇక వెలుగు ఎంతసేపు పడనివ్వాలో మీటరు చెప్పలేదు. మీటరు కొలిచేది కంటికి కనిపించే వెలుగునే. అందుకని ఒకే మానుకు మూడు నాలుగు రకాలుగా తీసి, ఏ సెట్టింగుకు ఏది వచ్చిందో నోటు పుస్తకంలో రాసుకోవాలి. 36లో పది బాగా వస్తే పండగే.

ఇంత తంటా ఎందుకు అంటారేమో. ఒక్కో ఊరి దగ్గర ఒక్కో సంగతి నేర్చుకున్నాను కాబట్టి.

మదనపల్లె పక్క మొదట తీసింది హార్స్‌లీ కొండను. 1265 మీటర్ల ఎత్తు, మన ఏనుగుమల్లమ్మ కొండ. ఎండాకాలం దూరం నుంచి చూస్తే పొగమసకలో నీలంగా ఒక గీతలా ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో తీస్తే లోయలు, బండలు, వాలు మీది మాన్లు విడివిడిగా కనిపించాయి. గాలి అణువులు పొట్టి అలలను ఎక్కువ చెదరగొడతాయి, పొడుగు అలలను తక్కువ. అల పొడుగు రెట్టింపైతే చెదరడం పదహారో వంతుకు పడిపోతుంది. 400 నానోమీటర్ల ఊదా వెలుగుకూ 800 దగ్గరి ఇన్‌ఫ్రారెడ్‌కూ తేడా అంత. ఆకాశం నీలంగా ఉండటానికీ, ఈ ఫోటోల్లో నల్లగా రావడానికీ కారణం ఒకటే. అయితే తెల్లవారుజామున కొండ మీద దిగే మంచును మాత్రం ఈ ఫిల్ము కూడా దాటలేదు. ఆ నీటి బిందువులు ఈ అలల కన్నా చాలా పెద్దవి, అన్నిటినీ ఒకేలా చెదరగొడతాయి.

పుంగనూరు దారిలో చింతమాన్లు తీశాను. చింతాకు చిన్నది, దట్టంగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ముందు తీస్తే మానంతా ఏకిన దూదిలా వచ్చింది. అదే మానును పొద్దు వాలాక తీస్తే కొమ్మల మధ్య సందులు కనిపించాయి. చింతాకు సాయంత్రమైతే ముడుచుకుంటుందని మనందరికీ తెలుసు. ముడుచుకుంటే మాను వెలుగు తిప్పికొట్టే తీరే మారిపోతుందని ఫిల్ము చూశాకే నాకు తెలిసింది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాను, చూడండి. ఊరి చెరువు మాత్రం ఎప్పుడు తీసినా తారులా నల్లగానే వచ్చింది. నీళ్లు ఈ వెలుగును తిప్పి పంపవు, మింగేస్తాయి. నీటి గట్టు ఎక్కడుందో, నేల ఎక్కడ మొదలైందో గీసినట్టు తెలుస్తుంది.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. అటు కన్నడ నేల, ఇటు తమిళ నేల. అక్కడ నీలగిరి తోపులను, పక్కనే ఉన్న మామిడి తోటలను ఒకే చట్రంలో తీశాను. కంటికి రెండూ పచ్చనే. ఫిల్ము మీద మామిడి గుండ్రంగా, నిండుగా తెల్లగా వచ్చింది. నీలగిరి చీలికలు చీలికలుగా, మధ్యమధ్య నీడలతో వచ్చింది. ముదిరిన నీలగిరి ఆకు నిలువుగా వేలాడుతుంది, ఎండకు అడ్డంగా పరుచుకోదు. దూరం నుంచి చూసి ఇది ఫలానా చెట్టు అని గుర్తుపట్టడానికి ఆ తేడా పనికొస్తుంది.

ఈ చివరి మాట పట్టుకొనే మన దేశంలో ఒక పెద్ద పని మొదలైంది. కేరళలో కొబ్బరి చెట్లకు వేరు తెగులు పట్టి ఎండిపోతుంటే, 1969-70 ప్రాంతంలో పి.ఆర్. పిషరోటి అనే శాస్త్రవేత్త నాయకత్వంలో హెలికాప్టర్ ఎక్కి కాయంకుళం దగ్గరి తోటలను ఇన్‌ఫ్రారెడ్ కలర్ ఫిల్ము మీద తీశారు. ఆ ఫిల్ములో మూడు పొరలుంటాయి. ఆకుపచ్చను నీలంగా, ఎరుపును ఆకుపచ్చగా, ఇన్‌ఫ్రారెడ్‌ను ఎరుపుగా చూపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పచ్చరంగు గుడ్డలు కప్పి దాచిన ఫిరంగులను పట్టుకోవడానికి తయారుచేసిన ఫిల్ము అది. పచ్చరంగు పూసిన గుడ్డ కంటిని మోసం చేస్తుంది కానీ ఆకులా ఇన్‌ఫ్రారెడ్‌ను తిప్పికొట్టలేదు. కొబ్బరి తోటల మీద ఆరోగ్యంగా ఉన్న తలలు ఎర్రగా, తెగులు తగిలినవి వేరే రంగులో వచ్చాయి. భారతదేశంలో దూరగ్రాహక శాస్త్రానికి అదే తొలి అడుగని చెప్పుకుంటారు. పిషరోటిగారిని ఆ రంగానికి పితామహుడంటారు.

రెండో అడుగు మన పొరుగునే పడింది. 1974-75లో, అంటే మన సంఘం పుట్టిన ఆ రోజుల్లోనే, ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి ఎరైజ్ అనే ప్రయోగం చేశాయి. ఎంచుకున్న జిల్లాలు రెండు. ఒకటి పంజాబులోని పాటియాలా, రెండోది మన అనంతపురం. విమానం నుంచి కలర్ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము మీద పొలాలను తీసి, ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉందో లెక్కగట్టడం ఆ ప్రయోగం ఉద్దేశం. మనం ఇక్కడ సంఘానికి చందాల పుస్తకం అచ్చు వేయిస్తున్నప్పుడు, కదిరి కొండల అవతల విమానం ఎగురుతూ చేలను ఎర్రరంగులో రాసుకొని పోయిందన్నమాట. 1974లోనే హైదరాబాదులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం ఎగిరింది. దాని నాలుగు కళ్లలో ఒకటి ఇన్‌ఫ్రారెడ్ కన్ను. 1994లో అలాంటి ఉపగ్రహాన్నే మన శ్రీహరికోట నుంచి మన పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లింది. ఇవాళ టీవీలో దేశంలో అడవులు ఇంత శాతం అని చెబుతున్నారంటే, ఆ లెక్క వెనక ఉన్నది ఆకు వద్దని తిప్పికొట్టిన ఆ వెలుగే.

ఇది విని చాలామంది, "అయితే తెల్లగా వస్తే చెట్టు బాగున్నట్టు, నల్లగా వస్తే జబ్బు పడ్డట్టు, అంతేగా?" అంటారు. అంత సులభం కాదు. రాలిన ఎండుటాకు కూడా ఈ ఫిల్ము మీద తెల్లగానే వస్తుంది. అది పోగొట్టుకున్నది పత్రహరితాన్ని, లోపలి స్పాంజిని కాదు. అందుకే శాస్త్రవేత్తలు ఒక్క ఇన్‌ఫ్రారెడ్‌ను నమ్మరు. దాని పక్కన ఎరుపును కూడా పెట్టి చూస్తారు. పచ్చని ఆకు ఎరుపును మింగి ఇన్‌ఫ్రారెడ్‌ను విసిరేస్తుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. ఉదాహరణకు ఒక ఆకు నూటికి 50 పాళ్లు ఇన్‌ఫ్రారెడ్, 5 పాళ్లు ఎరుపు తిప్పికొట్టిందనుకోండి. 45ను 55తో భాగిస్తే 0.82 వస్తుంది. నీరసించిన ఆకు 40, 15 తిప్పికొడితే 0.45 వస్తుంది. బీడు నేల 30, 20 అయితే 0.2 వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేసే లెక్కే ఇది. ఉపగ్రహాల నుంచి వచ్చే పచ్చదనం పటాల్లో అసలు సూత్రం ఇదే.

ఇప్పుడు నేను ఈ వేదిక ఎక్కింది దేనికో ఆ సంగతికి వస్తాను.

ఐఆర్‌ఎస్-1ఎ మొదటి కెమెరాకు నేల మీద ఒక చుక్క అంటే 72.5 మీటర్ల పొడుగు, అంతే వెడల్పు. సుమారు 1.3 ఎకరాలు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను మనలో చాలామంది చూసిందే. దాదాపు ఐదెకరాల మీద ఊడలు దింపిన మాను. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అంత మానుకూ ఆ ఉపగ్రహం పటంలో దక్కేది నాలుగు చుక్కలు. మన బడి ఆవరణ మొత్తం కలిపినా కొన్ని చుక్కలే. అందులో రేకుల షెడ్డు, ప్రార్థన మైదానం, బావిదగ్గరి రాగిమాను, గేటు పక్క కానుగ అన్నీ కలిసిపోయి ఒకే అంకె అవుతాయి. ఇప్పటి ఉపగ్రహాలు ఒక్కో మానును విడిగా చూడగలవు, నిజమే. కానీ ఆ మాను కింద ఎవరు ఎక్కాలు చెప్పించుకున్నారో, ఎవరు నాటారో, ఏ కొమ్మ ఏ గాలివానకు విరిగిందో వాటికి తెలియదు. అడవుల లెక్కలో హెక్టారు కన్నా పెద్ద జాగాలో నూటికి పది పాళ్లు చెట్ల నీడ ఉంటే, అది మామిడి తోటైనా సరే, అటవీ విస్తీర్ణంలో కలుస్తుంది. దారి పక్క ఒంటరి చింతమాను మాత్రం ఆ లెక్కలోకి రాదు. శాతం పెరిగిందని పేపర్లో చదువుతుంటాం, మన దారిలో నీడ తగ్గిందని కాళ్లకు తెలుస్తుంటుంది. రెండూ నిజమే కావచ్చు.

పుంగనూరు దారిలో నేను తీసిన చింతమాన్లలో కొన్ని ఇప్పుడు నా నెగటివ్‌లోనే ఉన్నాయి. రోడ్డు వెడల్పు కావాలి, బస్సులు, అంబులెన్సులు పోవాలి, కాదనడానికి లేదు. నన్ను బాధపెట్టిన విషయం వేరే. వాటిని కొట్టేశాక, అవి ఎన్నుండేవి, ఎంత లావుండేవి, ఏ ఏడు పోయినాయి అని అడిగితే ఊర్లో ముగ్గురు మూడు మాటలు చెప్పారు. మనిషి చనిపోతే పంచాయతీలో ఒక వరుస రాస్తారు. నూరేళ్లు నీడనిచ్చిన మానుకు ఆ ఒక్క వరుసా లేదు. మన రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, బదులు మొక్కలు నాటాలి. అయితే ఏ చట్టమైనా అమలు కావాలంటే, ఇక్కడ ఒక మాను ఉండేదని చూపించే కాగితం ఉండాలి. ఆ కాగితం రాసేవాళ్లు కావాలి.

అందుకే స్వర్ణోత్సవం సందర్భంగా సంఘానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. శిలాఫలకాలు, ఆర్చీలు బాగానే ఉంటాయి. వాటితోపాటు బడి మాన్లకు ఒక రిజిస్టరు పెడదాం. ఒక్కో బ్యాచి ఒక్కో మానును తీసుకోవాలి. మానుకు ఒక నంబరు. రేకు ముక్కను మేకుతో కొట్టొద్దు, కింద రాయి మీద రాయండి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే మన ఛాతీ ఎత్తున, టేపు చుట్టి లావు కొలవాలి. ఇది అటవీశాఖవాళ్లు కొలిచే పద్ధతే. ఏ జాతి, పాత విద్యార్థుల్లో ఎవరికి దాని గురించి ఏం గుర్తుంది, రెండు ముక్కలు రాయాలి. ప్రతి ఏటా అదే వారం, అదే గంటకు, అదే చోట నిలబడి ఒక ఫోటో తీయాలి. వర్షాలు వెనకబట్టి ఆకు కుదురుకున్నాక, కార్తీకంలో అయితే మంచిది. మన వనభోజనాలూ అప్పుడే కాబట్టి మరిచిపోయే పని ఉండదు.

మామూలు ఫోన్ ఫోటోతో మొదలుపెట్టండి, చాలు. వీలైతే ఎరుపు ఒకటి, ఇన్‌ఫ్రారెడ్ ఒకటి తీయండి. కొడాక్ ఆ పాత ఫిల్మును 2007లో ఆపేసింది. ఇల్‌ఫోర్డ్ ఎస్‌ఎఫ్‌ఎక్స్ 200, రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 అనే ఫిల్ములు వచ్చాయి. అవి కొడాక్‌దంత దూరం చూడవు కానీ ఆకులు తెల్లబడతాయి. ఫిల్టరు వేస్తే ఐదారు స్టాపులు ఎక్కువ వెలుగు ఇవ్వాలి, గాలి లేని వేళ ట్రైపాడ్ మీద తీయాలి. ఫిల్ము వద్దనుకుంటే డిజిటల్ కెమెరా ఉంది. దాని లోపలి సెన్సరు పుట్టుకతోనే ఇన్‌ఫ్రారెడ్‌ను చూడగలదు. రంగులు చెడిపోతాయని కంపెనీవాళ్లే ముందు ఒక అడ్డుగాజు పెడతారు. వాడకుండా మూలపడేసిన పాత కెమెరాకు ఆ గాజు తీయిస్తే, అది ఇన్‌ఫ్రారెడ్ కెమెరా అవుతుంది. అంతవరకు పిల్లలకు చూపించాలంటే టీవీ రిమోటు ఫోన్ కెమెరా ముందు పెట్టి మీట నొక్కండి. చాలా ఫోన్లలో, ముఖ్యంగా ముందు కెమెరాలో, రిమోటు కొసన ఒక చిన్న దీపం మిణుకుమంటుంది. కంటికి కనబడని వెలుగు ఉందని నమ్మడానికి పిల్లకాయలకు అంతకన్నా పెద్ద ప్రయోగశాల అక్కరలేదు.

పాత నెగటివ్‌లు ఎవరి ఇళ్లలోనైనా ఉంటే, అవి మామూలు నలుపు తెలుపువైనా సరే, పారేయకండి. మన బడి ఎదుట తీసిన గ్రూపు ఫోటోల్లో మన తలల వెనక మాన్లు ఉంటాయి. ఇన్నాళ్లూ మనం ముఖాలే వెతుక్కున్నాం. ఈసారి వెనక ఏ మాను ఉంది, ఎంత ఎత్తుంది అని చూడండి. ఏ సంవత్సరం బ్యాచో మనకు తెలుసు కాబట్టి, ఆ మాను వయసుకు అదే సాక్ష్యం. ఆ ఫోటోలు స్కాన్ చేయించి సంఘానికి పంపితే, రిజిస్టరులో మొదటి పేజీలు అవే అవుతాయి. స్కాన్ ఖర్చు నేను పెట్టుకుంటాను. కార్యదర్శి నవ్వుతున్నాడు, ఇది మినిట్స్‌లో రాసుకోమని చెబుతున్నాను.

గురువులకు ఒక విన్నపం. ఈ పని సైన్సు క్లబ్బుకు అప్పగిస్తే లెక్కలు, జీవశాస్త్రం, భౌతికశాస్త్రం మూడూ ఒకే మాను కింద చెప్పవచ్చు. ఎరుపు ఎంత, ఇన్‌ఫ్రారెడ్ ఎంత, తేడా ఎంత అని పిల్లలు ఏటా లెక్క వేస్తే, మాను నీరసించేది మనకు ముందే తెలియవచ్చు. ఒక్క ఏడు అంకె చూసి బెంబేలు పడొద్దు, వాన తక్కువైనా తగ్గుతుంది. మూడు నాలుగేళ్లు వరసగా తగ్గితే మాత్రం వేళ్ల దగ్గర సిమెంటు పోశారేమో, పాదు ఎండిందేమో పోయి చూడాలి. అప్పటికి ఇంకా రెండు బిందెల నీళ్లతో అయ్యే పని ఉంటుంది.

మనకు చదువు చెప్పిన చాలామంది అయ్యవార్లు ఇవాళ మన మధ్య లేరు. వాళ్ల ఫోటోలు ఆఫీసు గదిలో దండలతో ఉన్నాయి. వాళ్లు మనల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పిన నీడ మాత్రం ఇంకా బయటే ఉంది. వచ్చే కార్తీకంలో టేపు, నోటు పుస్తకం తీసుకొని నేను ఇక్కడికి వస్తాను. బావిదగ్గరి రాగిమాను మా బ్యాచిది. మిగతావి ఎవరెవరు తీసుకుంటారో భోజనాలయ్యాక కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వండి.